చివరి డబ్బా... ఈ నెలకి!

పొగాకు దొరకడం లేదట. ఎవరికి? అమెరికాలో పైపు కరచుకుని తత్త్వవేత్తల్లా ఫోజు కొట్టే పెద్దమనుషులకు. ఎక్కడ దొరకడం లేదు? దుకాణంలో. మరి సరుకంతా ఏమైంది? వారింట్లోనే ఉంది. నేలమాళిగలో ఉంది. నేలమాళిగ చాలక అలమరాల్లో ఉంది. అలమరాలు చాలక చుట్టాలొస్తే పడుకునే గదిలో, మంచం కింద ఉంది. దుకాణం ఊడ్చి ఇంట్లో పోసుకున్నది వారే. ఖాళీ అర చూసి లబోదిబోమంటున్నదీ వారే. ఎవడు ఎత్తుకుపోయాడో తేల్చాలట! అయ్యా, ఆ ఇంట్లో అద్దం లేదా?

ఈ యావకు వాళ్లే ఓ పేరు పెట్టుకున్నారు. 'టొబాకో ఎక్విజిషన్ డిజార్డర్'. ముద్దుపేరు 'టాడ్'. పొగాకు కొనకుండా ఉండలేని రోగమట. ఏ డాక్టరూ చెప్పలేదు. ఏ పరీక్షా జరగలేదు. రోగులే కూర్చుని రోగానికి బారసాల చేసేశారు. రోగం ముదిరినకొద్దీ పరపతి పెరుగుతుంది. మూడొందల డబ్బాలున్నవాడు ఐదొందలున్నవాడి ముందు చేతులు కట్టుకుంటాడు. సాయంత్రం క్వార్టర్ పడందే నిద్రపట్టని హమాలీ ముందు మాత్రం ఎవడూ చేతులు కట్టుకోడు. వాడిది వ్యసనం. వీరిది అభిరుచి. లేనివాడి బలహీనత పోలీసు స్టేషన్‌కు, ఉన్నవాడి బలహీనత డ్రాయింగ్ రూముకు. ఎంత చక్కటి పంపకం!

సరే, లెక్క చూద్దాం. లెక్కంటే వీరికి గిట్టదు. అందుకే చూద్దాం.

పైపు పొగాకు డబ్బా మామూలుగా 50 గ్రాములు. పైపు ఒకసారి నింపితే రెండు మూడు గ్రాములు. అంటే డబ్బా సుమారు 20 సార్లకు వస్తుంది. రోజుకోసారి వెలిగించే మనిషికి ఏడాదికి 18 డబ్బాలు చాలు. 62 ఏళ్ల దొరగారు ఐదొందల డబ్బాలు పోగేశారనుకోండి. ఈ క్షణాన కొనడం ఆపినా ఎన్నేళ్లకు సరిపోతాయి? 27 ఏళ్లకు. అంటే 89 నిండేదాకా. రోజూ పొగాకు కాలుస్తూ 89 దాకా! ఆశకు హద్దుండక్కర్లేదా? నోటి క్యాన్సర్‌ను, గొంతు క్యాన్సర్‌ను సంప్రదించే ఈ ప్రణాళిక వేశారా? 'మేం పొగ లోపలికి పీల్చం, నోట్లో తిప్పి వదిలేస్తాం' అంటారు. అబ్బో! పెదవి, నాలుక, గొంతు దొరగారివి కావు కాబోలు. అద్దెకు తెచ్చుకున్నారేమో.

ఆపుతారా? ఆపరు. 'ఇదే ఆఖరు' అంటారు. పోయిన నెలా అదే అన్నారు. నవంబరులో తగ్గింపు ధరల జాతర పెట్టినప్పుడూ అదే అన్నారు. ఆరు డబ్బాలు బుట్టలో వేశాక, ఇంకో రెండు కొంటే డెలివరీ ఉచితమని తెర మీద మెరుస్తుంది. పది డాలర్ల రవాణా ఖర్చు తప్పించుకోవడానికి ముప్పై డాలర్ల సరుకు కొంటారు. దాని పేరు పొదుపు! పార్సిల్ ఇంటికొస్తుంది. మూత తీస్తారా? తీయరు. తేదీ రాస్తారు. వరసలో పెడతారు. ఫొటో తీస్తారు. ఇంతకీ ఆ పూట కాల్చేదేమిటి? ఇంట్లో ఉన్నవాటిలో అన్నింటికన్నా చౌకది. మంచిది ముట్టుకోరు. ఎందుకంటే అది మళ్లీ దొరకదు. దొరకదు గనక కొన్నారు. దొరకదు గనకే కాల్చరు. మరి దేనికయ్యా కొన్నది? వీలునామాలో రాయడానికా?

వీరికో ఆదర్శపురుషుడున్నాడు. షెర్లాక్ హోమ్స్. ఆయన పొగాకు ఎక్కడ దాచేవాడో తెలుసా? ఒక పర్షియన్ చెప్పు ముక్కులో. చెప్పు ముక్కులో ఎంత పడుతుంది? అయిపోతే తెచ్చుకునేవాడు. లండన్ హంతకుల ఆట కట్టించడానికి ఆ చెప్పెడు పొగాకే సరిపోయింది. (అన్నట్టు, మన గోదావరి లంకల చుట్ట కూడా ఆ కథల్లో ఓచోట మెరుస్తుంది. హంతకుడు అది కాల్చేవాడని తేలితే వెతకాల్సినవాళ్లు తగ్గిపోతారంటాడు హోమ్స్. గర్వపడదలచినవారు ఇక్కడ కాసేపు ఆగి పడవచ్చు.) శిష్యులు ఆయన పైపు పట్టుకున్నారు. ఆయన చెప్పును గాలికొదిలేశారు.

'మేం కూడబెట్టడం లేదు, మాగబెడుతున్నాం' అన్నది ఇంకో వాదన. ఇందులో సగం నిజముంది. అందుకే ఎక్కువ చెల్లుబాటవుతోంది. వర్జీనియా ఆకులో చక్కెరలు ఎక్కువ. గాలి చొరబడని గాజు జాడీలో ఏళ్ల తరబడి ఉంచితే మెల్లగా పులిసి, మంట తగ్గి, రుచి మెత్తబడుతుంది. ఒప్పుకుందాం. కానీ దొరగారి గోదాములో ఉన్నదంతా వర్జీనియాయేనా? లటాకియా మాటేమిటి? కట్టెల పొగ పట్టించి నల్లబరిచే ఆకు అది. సిరియా రేవుపట్నం పేరు మోస్తుంది. దాని గొప్పంతా ఆ పొగ కంపులోనే ఉంది. నిల్వ ఉంచేకొద్దీ ముందు పోయేది ఆ కంపే. అంటే దేనికోసం కొన్నారో దాన్ని పోగొట్టుకోవడానికే దాచారన్నమాట! వెనిలా, చెర్రీ పూసిన రకాలైతే మాగి బాగుపడేదేమీ లేదు. పైపెచ్చు రేకు డబ్బాకు తుప్పు పడుతుంది. సూదిమొనంత చిల్లు చాలు. పదేళ్ల తర్వాత మహోత్సవంగా మూత తీస్తే లోపల ఉండేది పొగాకు కాదు, గరగరలాడే పొడి.

మన అమ్మమ్మలూ జాడీలు నింపారు. ఆవకాయతో. ఎంత? ఏడాదికి సరిపడా. ఏడాదికే! మళ్లీ ఎండాకాలం వస్తుందని, మళ్లీ మామిడి కాస్తుందని వాళ్లకు నమ్మకం. ఈ దొరలకు వచ్చే నెల మీదే నమ్మకం లేదు. ఆ నమ్మకాన్ని ఎవరు ఊడబెరికారు? ఊడబెరికి ఎవరు బాగుపడ్డారు?

2016 మే నెలకు వెళ్దాం. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పైపు పొగాకును కూడా తన అధికారం కిందికి తెచ్చుకుంది. 2007 ఫిబ్రవరి 15 నాటికి బజారులో లేని ప్రతి రకమూ అనుమతికి అర్జీ పెట్టుకోవాలంది. ఆగస్టు 8 నుంచి అమలన్నారు. ఇంకేముంది, కొంప మునిగింది! వేల రకాలు మాయమైపోతాయన్నారు. చిన్న దుకాణాలు మూతపడతాయన్నారు. కొనండి, కొనండి, కొనండి!

అర్జీలకు గడువు మొదట 2018 అన్నారు. తర్వాత తీరిగ్గా 2021 అన్నారు. మధ్యలో కోర్టు కలగజేసుకుని కాదు 2020 మే అంది. కరోనా వచ్చి దాన్ని 2020 సెప్టెంబరుకు నెట్టింది. ఒకే గడువు, నాలుగు వేషాలు. వేషం మారినప్పుడల్లా 'ఇదే ఆఖరి అవకాశం' అన్న కేక. కేక వినబడినప్పుడల్లా పార్సిళ్ల వాన. గడువు దాటిన మర్నాడు ఏమైంది? సూర్యుడు తూర్పునే పొడిచాడు. దుకాణం తెరిచే ఉంది. అరలో డబ్బాలు ఉన్నాయి. కొన్నవి వెనక్కి ఇచ్చారా? ఇంకో నాలుగు కొన్నారు.

ప్రాణాలు తీసే సరుకు మీద నియంత్రణ ఉండాల్సిందే. అందులో రెండో మాట లేదు. కానీ ఒక తేదీ చెప్పి, దాన్ని మింగి, ఇంకో తేదీ కక్కి, ఏళ్ల తరబడి ఊగిసలాడే నియంత్రణ ఎవరికి మేలు చేసింది? ఊపిరితిత్తులకా? గల్లాపెట్టెకా? ప్రజారోగ్యం పేరుతో మొదలైన పని పొగాకు అమ్మకాలకు ఉచిత ప్రచారమైంది. ఇంత గొప్ప సేవ ఏ ప్రకటనల ఏజెన్సీ చేయగలదు?

డన్‌హిల్ ముచ్చట ఇంకా కమ్మగా ఉంటుంది. బ్రిటిష్ అమెరికన్ టొబాకో కంపెనీ డన్‌హిల్ పేరుతో వచ్చే పైపు పొగాకును ఆపేస్తోందని 2017–18 ప్రాంతంలో తేలిపోయింది. 'ఎర్లీ మార్నింగ్ పైప్', 'నైట్‌క్యాప్', 'మై మిక్స్చర్ 965'. పైపుదొరల సుప్రభాతం ఒకటి, పవళింపు సేవ ఇంకొకటి. జనం ఎగబడ్డారు. దొరికినచోటల్లా ఊడ్చేశారు. ధరలకు రెక్కలొచ్చాయి. ఉన్నవాడు బిగబట్టాడు. లేనివాడు అప్పుచేసి కొన్నాడు. తీరా 2019 వచ్చేసరికి ఏమైంది? అవే మిశ్రమాలు, అవే పేర్లతో మళ్లీ అరలోకి దిగాయి. డబ్బా మీద డన్‌హిల్ బదులు పీటర్సన్ అని ఉంది. అంతే! మరి తయారీ? డన్‌హిల్ పేరున్న రోజుల్లోనూ డెన్మార్క్‌లోని స్కాండినేవియన్ టొబాకో గ్రూపే చేసిపెట్టేది. పీటర్సన్ పేరుతోనూ చేస్తున్నది ఆ గ్రూపే.

మారింది మూత. మూతకోసం రెట్టింపు పెట్టినవాడి నెత్తిన శఠగోపం. వాడు ఒప్పుకుంటాడా? 'పాతదానికి ఉన్న రుచి వేరు' అంటాడు. పెట్టిన డబ్బు రుచి అది. నాలుకకు తెలుస్తుందా? జేబుకు తెలుస్తుంది.

నిజంగా మూతపడినవి లేవా? ఉన్నాయి. కాన్సాస్ సిటీలో 1977లో మొదలైన మెక్‌క్లెలండ్ 2018లో దుకాణం కట్టేసింది. తమకు కావలసిన నాణ్యమైన ఆకు దొరకడం లేదని చెప్పి మరీ కట్టేసింది. అక్కడి పైపు ప్రియులు ఆ మాట ఇప్పటికీ కన్నీళ్లతో చెప్పుకుంటారు. ఆ ఒక్క నిజం మీద ఎన్ని పుకార్లు బతుకుతున్నాయో లెక్కలేదు. 2024లో ఇంకో ముచ్చట. పైన చెప్పిన స్కాండినేవియన్ టొబాకో గ్రూపే మాక్ బారెన్ కంపెనీని కొనేసింది. దాంతోపాటు రిచ్‌మండ్‌లోని సట్లిఫ్ కూడా చేతికొచ్చింది. కొని ఏం చేసింది? రిచ్‌మండ్ కర్మాగారాన్ని మూసేస్తామని ప్రకటించింది. రిచ్‌మండ్ ఎక్కడుంది? వర్జీనియాలో. వర్జీనియా ఆకుకు పేరిచ్చిన రాష్ట్రంలోనే!

ఇప్పుడు చెప్పండి. పైపుదొర భయపడాల్సింది సర్కారుకా? ఒకడే అందర్నీ మింగుతున్న బజారుకా? ఆ ప్రశ్న మాత్రం నోట్లోంచి రాదు. నోటినిండా పైపుంది కదా. కంగారుపడి డబ్బాలు కొంటాడు. ఎవరివి? మింగినవాడివే.

జెర్సీ దీవిలో 1820 నాటి జర్మెయిన్ అనే చిన్న సంస్థ ఉంది. వారు చేసే 'పెంజాన్స్' అనే రకం కోసం అమెరికాలో తపస్సులు చేస్తారు. సంస్థ చిన్నది, సరుకు తక్కువ. అమ్మకానికి పెట్టిన నిమిషాల్లో హుష్‌కాకి. కాసేపటికి అదే సరుకు ఇంకెక్కడో బాగా పెంచిన ధరతో ప్రత్యక్షం. అమ్మేదెవరు? 'మనమంతా ఒకే పైపు సోదరులం' అని నిన్న కౌగిలించుకున్నవాడే. సోదరుడి జేబు కోయడానికి సోదరుడికన్నా వీలైనవాడు ఎవడుంటాడు? ఇది చూసి పెద్ద కంపెనీలకూ కిటుకు తెలిసింది. తక్కువ చేయి, సంఖ్య వేయి, 'పరిమిత ముద్రణ' అని కొట్టు, ఒక పూట తలుపు తీసి మూసెయ్. కరువు పొలంలో పుట్టలేదు. మార్కెటింగ్ విభాగంలో పుట్టింది.

సర్కారు వారి తెలివి ఇంకా చూడలేదు మీరు.

2009 ఫిబ్రవరి 4న ఒబామా ఒక చట్టం మీద సంతకం పెట్టారు. పేద పిల్లల ఆరోగ్య బీమాకు నిధులు కావాలి. పొగాకు మీద పన్ను పెంచుదాం. గొప్ప ఆలోచన. ఎవరు కాదంటారు? ఏప్రిల్ 1 నుంచి అమలు. తేదీ యాదృచ్ఛికమే అనుకుందాం. చేత్తో చుట్టుకునే సిగరెట్ పొగాకు మీద పౌనుకు సుమారు 1.10 డాలర్లున్న పన్ను ఒక్క దెబ్బకు 24.78 డాలర్లయింది. పైపు పొగాకు మీద అదే 1.10 డాలర్లు 2.83 దగ్గర ఆగింది. రెండూ పొగాకే. రెండూ కాల్చేవే. ఏది ఏదో ఎలా తెలుస్తుంది? చట్టాన్ని అడిగితే రూపం చూడు, రకం చూడు, ప్యాకింగ్ చూడు, లేబుల్ చూడు అంటుంది.

లేబుల్! ఇంకేం కావాలి?

కంపెనీలు ఆకు మార్చలేదు. అచ్చు మార్చాయి. నిన్నటిదాకా సిగరెట్ పొగాకు అని ఉన్న సంచి మీద ఇవాళ పైపు పొగాకు అని వచ్చింది. జనం అదే ఆకును కాగితంలో చుట్టుకుని నిక్షేపంగా కాల్చారు. అమెరికా సర్కారు జమాఖర్చులు చూసే జవాబుదారీ కార్యాలయమే 2012లో ఈ బండారం బయటపెట్టింది. 2009 జనవరిలో నెలకు సుమారు 2,40,000 పౌన్ల పైపు పొగాకు అమ్ముడైంది. 2011 సెప్టెంబరుకు అది 30 లక్షల పౌన్లు దాటింది. అదే వ్యవధిలో చుట్టుకునే పొగాకు సుమారు 20 లక్షల పౌన్ల నుంచి 3,15,000కు జారింది. రెండున్నరేళ్లలో అమెరికన్లంతా కట్టకట్టుకుని ప్రొఫెసర్లయిపోయారా? ప్రతి లారీ డ్రైవరూ పైపు పట్టి పొయ్యి పక్కన కుర్చీ వేసుకున్నాడా? సిగార్లలోనూ ఇలాంటి కనికట్టే జరిగింది. చిన్నవాటికి కాస్త బరువు పెంచి పెద్దవాటి జాబితాలోకి నెట్టారు. రెండూ కలిసి ఆ రెండున్నరేళ్లలో ఖజానాకు పెట్టిన టోపీ 61.5 కోట్ల డాలర్ల నుంచి 110 కోట్ల డాలర్ల మధ్య ఉంటుందని అంచనా కట్టారు.

ఎవరి సొమ్ము అది? జ్వరమొస్తే ఆసుపత్రికి పోలేని పిల్లల పేరు చెప్పి వేసిన పన్ను. చట్టం రాసిన మహానుభావులకు తెలియదా, లేబుల్ మార్చడానికి ప్రెస్సుకు ఒక్కసారి వెళ్తే చాలని? ఇంత చిన్న కన్నం ఎవరికీ కనిపించలేదా? కనిపించనట్టు నటించడానికి ఎవరైనా ఖర్చుపెట్టారా? కన్నం ఇవాళ్టిది కాదు. పూడ్చాలని ఆ జవాబుదారీ కార్యాలయం చెబుతూనే ఉంది. వినేవాళ్లు వింటూనే ఉన్నారు.

ఇప్పుడు మన పైపుదొర ఏడుపు వినండి. 'సర్కారు మా మీద పగబట్టింది, పన్నులతో చంపేస్తోంది' అంటాడు. పౌనుకు 2.83 డాలర్లంటే 50 గ్రాముల డబ్బా మీద కేంద్ర పన్ను ఎంత? 31 సెంట్లు. రాష్ట్రాలు వేసేవి వేరే. పదిహేను డాలర్ల డబ్బా కొని 31 సెంట్లకు విప్లవం! లిబర్టీ విగ్రహం చేతిలో దివిటీ తీసేసి పైపు పెట్టమనలేదు, అదే పదివేలు.

హెచ్చరికల సంగతీ చూడండి. 'ఇందులో నికోటిన్ ఉంది, అది వ్యసనం చేస్తుంది' అని డబ్బా మీద వేయమంది ఎఫ్‌డీఏ. కంపెనీలు, వ్యాపారులు కోర్టుకెక్కారు. సిగార్లకూ పైపు పొగాకుకూ ఆ హెచ్చరికలు చెల్లవని 2020లో కోర్టు కొట్టేసింది. డబ్బా మీద ఓడ బొమ్మ ఉండొచ్చు. కప్ప బొమ్మ ఉండొచ్చు. నిజం మాత్రం ఉండక్కర్లేదు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు, అమెరికా పైపు గొడవ మనకెందుకు అంటారా? మనకేం, మనం సత్యహరిశ్చంద్రుడి మునిమనవలం! 2016 ఏప్రిల్ 1 నుంచి మన సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మలు వేయిస్తున్నాం. (ఏప్రిల్ 1 మీద ప్రభుత్వాలకు అంత మోజెందుకో!) ఆ బొమ్మ వేయించేది ఆరోగ్య శాఖ. గుంటూరులో పొగాకు బోర్డు పెట్టి ఎగుమతులు పెంచమని చెప్పేది వాణిజ్య శాఖ. అక్కడ పొగాకు పన్నుతో పిల్లల బీమా అంటే నవ్వాం కదా. ఇక్కడ మన ప్రాణాలకు బీమా చేసే ఎల్ఐసీకి, సిగరెట్లు చేసే ఐటీసీలో దాదాపు 15 శాతం వాటా ఉంది. మనిషి బతికితే ప్రీమియం. కాలిస్తే డివిడెండ్. ఎటు చూసినా ధనయోగమే.

ఇక అసలు మనిషి దగ్గరికి రండి. ఆకు పండించేవాడి దగ్గరికి.

దొరలు జాడీల్లో మాగబెట్టే ఆ వర్జీనియా రకం 1920ల్లోనే గుంటూరు సీమకు వచ్చింది. ఇప్పుడు ఒంగోలు, కొండపి, టంగుటూరు, పొదిలి, కందుకూరు, జంగారెడ్డిగూడెం... ఇవన్నీ పొగాకు వేలం కేంద్రాల ఊళ్లు. మన ఆకు ఆ దొర పైపులోకే పోతోందని అనడం లేదు. ఎక్కువగా సిగరెట్లలోకే పోతుంది. కానీ ఆకు ఒకటే, చట్టాలు వేరు. అమెరికాలో కొనేవాడు ఎన్ని వందల డబ్బాలైనా దాచుకోవచ్చు. అడిగే నాథుడు లేడు. ఇక్కడ పండించేవాడు? ఆకు ఎండబెట్టే బ్యారన్‌కు లైసెన్సు ఉండాలి. బ్యారన్‌కు ఇన్ని కిలోలని బోర్డు చెబుతుంది. మించితే అపరాధ రుసుము. పంట బాగా పండడం నేరమైన చోటు ఇంకెక్కడైనా ఉందా? కట్టెలు కొని, రాత్రుళ్లు నిద్రమాని బ్యారన్ కాల్చి, ఆకు గ్రేడ్ చేసి, బేలు కట్టి వేలానికి తీసుకుపోతే వ్యాపారి వేళ్లతో నలిపి ముందుకు పోతాడు. 'నోబిడ్'. ధర కూడా చెప్పడు. బేలు మళ్లీ బండెక్కుతుంది. మళ్లీ రవాణా ఖర్చు. మళ్లీ హమాలీ ఖర్చు. ఇంటికొచ్చిన ఆకు తేమకు నల్లబడుతుంది. ఆ దొర నేలమాళిగలో ఏళ్లు గడిచినకొద్దీ ఆకు విలువ పెరుగుతుందట. ఈ రైతు వరండాలో వారానికే పడిపోతుంది. ఇదేం వృక్షశాస్త్రం?

వర్జీనియాకు బోర్డు ఉంది, వేలం ఉంది. నల్ల బర్లీ అనే ఇంకో పొగాకు రకానికి అదీ లేదు. 2025కు ముందు ఏడాది ధర బాగా పలికింది. కంపెనీలు కొంటాయన్నారు. మిర్చి దెబ్బతీసిందని రైతు బర్లీ వైపు తిరిగాడు. 2025లో బాపట్ల, పల్నాడు, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆకు కుప్పలు పడింది. ఆకు కోసేదాకా కనబడ్డ కంపెనీల మనుషులు కొనే వేళకు కనబడలేదు. ఫోన్లు మోగాయి, ఎత్తలేదు. నిల్వలు ఎక్కువయ్యాయన్నారు. నాణ్యత లేదన్నారు. అంతకుముందు ఏడాది ఇదే ఆకు బంగారం. ఆ ఏడు చెత్త. ఆకు మారిందా, అవసరం మారిందా? రైతులు రోడ్డెక్కారు. నాయకులు పరామర్శలకెక్కారు. అటువైపు వాళ్లు ఇటువైపు వాళ్లను తిట్టారు. ఇటువైపు వాళ్లు అటువైపు వాళ్ల హయాంను తవ్వారు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్‌ను దింపి కొనిపించింది. అంటే కంపెనీ ఆడిన జూదానికి ఓడిన డబ్బు కట్టింది ఎవరు? పొగాకు ముట్టని మీరూ నేనూ.

ఆ తర్వాత ఏం చేశారు? వచ్చే ఏడాది నల్ల బర్లీ వేయొద్దని రైతుకు చెప్పారు. రైతుకు! వేయించి మాయమైన కంపెనీకి ఏం చెప్పారు? మీరు ఎక్కడైనా విన్నారా? 'ఇక మీదట రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటేనే గ్రామంలో అడుగుపెట్టు' అని ఎవరైనా గదమాయించారా? రైతు చేతికి సంకెల, కంపెనీకి శాలువా. మన ప్రభుత్వాలకు కట్టడి చేయడం చేతకాక కాదు. ఎవరిని కట్టడి చేయాలో బాగా తెలుసు.

భయం కూడా ఎవరికి పడితే వారికి దక్కే సరుకు కాదు. అమెరికా దొరకు వచ్చే ఏడాది తన ఇష్టమైన రకం దొరకదేమోనని భయం. దానికి డబ్బాలున్నాయి, జాడీలున్నాయి, తగ్గింపు ధరలున్నాయి, రోగానికి ముద్దుపేరూ ఉంది. టంగుటూరు రైతుకు వచ్చే నెల అప్పు వడ్డీ ఎలా కట్టాలన్న భయం. దీనికి ఎవడూ పేరు పెట్టలేదు. బారసాల చేయలేదు. దుకాణం తెరవలేదు. ఒకడి భయాన్ని కంపెనీ లాభంగా మార్చుకుంది. ఇంకొకడి భయాన్నీ ఆ రంగమే లాభంగా మార్చుకుంది. మొదటివాడు ఎక్కువకు కొన్నాడు. రెండోవాడు తక్కువకు అమ్ముకున్నాడు. మధ్యలో ఉన్నవాడు ఇద్దరినీ 'మా విలువైన భాగస్వాములు' అన్నాడు.

పైపుదొరలకు చెప్పి లాభం లేదు. అక్కడ ఇంకో 'ఆఖరి' పార్సిల్ ఇప్పటికే లారీ ఎక్కి ఉంటుంది. చెప్పాల్సింది మన ఊరి నాయకుడికి. ఆయన పొగాకు రైతుల పరామర్శకు ఈసారి వచ్చినప్పుడు దండ వేయకండి. ఒక్క కాగితం చేతిలో పెట్టండి. ఏ కంపెనీ మనిషి ఊళ్లోకొచ్చి బర్లీ వేయమంటాడో, ఆ కంపెనీ ఎన్ని క్వింటాళ్లు, ఏ ధరకు కొంటుందో ముందే సంతకం పెట్టాలి. కొనకపోతే నష్టం ఆ కంపెనీయే కట్టాలి, మార్క్‌ఫెడ్ కాదు. ఆ కాగితం మీద ముందు నాయకుడి సంతకం తీసుకోండి. ఫొటోలు తర్వాత. నారుమళ్లు పోసే లోపే తీసుకోండి. ఆకు కోతకొచ్చాక ఆయన ఫోను కూడా ఎత్తడు.